చేయి నిద్రపోయింది, మనిషి మేలుకున్నాడు

సైన్సు కబుర్లు

పిల్లలూ! నేల మీద బాసిపట్లు వేసుకొని చాలాసేపు కూర్చుంటే ఏమవుతుందో మీకు తెలుసు గదా. లేవబోతారు, కాలు లేవదు. గిల్లినా తెలియదు. "అబ్బ, తిమ్మిరెక్కింది!" అంటారు. కాసేపు విదిలిస్తే చీమలు పాకినట్టు జివజివలాడి, కాలు మళ్ళీ మీ కాలవుతుంది.

ఆ కొద్దిసేపూ మీ కాలు నిద్రపోయింది. మీరు మాత్రం మేలుకునే ఉన్నారు. కారణమేమిటంటే, కాలిలోని నరం ఒకటి నొక్కుకుపోయి దాని పని ఆగింది. గిల్లిన వార్త మెదడుకు చేరలేదు. "లే" అని మెదడు పంపిన ఆజ్ఞ కాలికి చేరలేదు.

ఈ పనినే డాక్టరు కావాలని చేస్తే ఎలా ఉంటుంది? చేతికి ఆపరేషను చేయవలసి వచ్చినప్పుడు, మనిషినంతా నిద్రపుచ్చకుండా చేతిని ఒక్కదాన్నే నిద్రపుచ్చితే? అలాంటి విద్య ఉన్నది. దాని వయసు నూరేళ్ళు దాటింది. అయితే డాక్టరు తాను మందు వేసే నరాన్ని కళ్ళారా చూడటం మొదలుపెట్టి ఇంకా నలభై ఏళ్ళు కూడా కాలేదు. ఆ చూపు ఇచ్చినది వెలుతురు కాదు, ధ్వని. మన చెవికి వినపడని ధ్వని! ఈ నెల ఆ కథ చెప్పుకుందాం.

ముందుగా ఒక మాట. ముంజేతి మీద నీలంగా కనిపించే వాటిని చాలామంది నరాలంటారు. అవి నరాలు కావు, రక్తం మోసే గొట్టాలు. అసలు నరాలు తెల్లని దారాల్లా కండల మధ్య, లోతుగా ఉంటాయి. అవి మోసేది రక్తాన్ని కాదు, వార్తలను. చేతి నరాలన్నీ మెడలో, వెన్నుపాము దగ్గర పుడతాయి. అయిదు పాయలుగా బయలుదేరి, ఒకదానితో ఒకటి కలిసి, విడిపోయి, జడ అల్లినట్టు అల్లుకొని, మెడ ఎముక వెనుకగా దిగి చేతిలో ప్రవేశిస్తాయి. అక్కడినుంచి కొమ్మలై, రెమ్మలై వేలికొనల దాకా పోతాయి.

మన ఊరి చెరువును తలచుకోండి. తూము దగ్గర నీరు ఒకే కాలువగా వస్తుంది. తరువాత పిల్లకాలువలై వందల మళ్ళకు పారుతుంది. ప్రతి మడి దగ్గరా కట్ట వేయనక్కరలేదు. తూము ఒక్కటి మూస్తే కింది మళ్ళన్నీ ఆగుతాయి. చేతికి తూము వంటి చోటు మెడ ఎముక పక్కన ఉన్నది. అక్కడ నరాల గుత్తి చుట్టూ మందు వేస్తే, భుజం కిందనుంచి వేలికొనల దాకా చేయంతా మొద్దుబారుతుంది.

మందు ఎలా పని చేస్తుందంటారా? నరం పొడుగునా కంటికి కనపడనంత సన్నని ద్వారాలున్నాయి. మనం తినే ఉప్పులో ఉండే సోడియమే అతి చిన్న రేణువులుగా ఆ ద్వారాల గుండా లోపలికి దూకుతుంది. ఒక ద్వారం తరువాత ఒకటి తెరుచుకుంటూ పోతే వార్త ముందుకు సాగుతుంది. మందు నరంలోకి ఇంకి, ఆ ద్వారాలకు లోపలినుంచి గడియ పెడుతుంది. వార్త అక్కడే ఆగిపోతుంది. కొన్ని గంటలకు రక్తం ఆ మందును మెల్లగా తీసుకుపోతుంది. గడియలు ఊడతాయి, చేయి మేలుకుంటుంది.

ఇంత కష్టమెందుకు, మనిషినే నిద్రపుచ్చవచ్చు గదా అని అడగవచ్చు. అలా చేస్తూనే ఉన్నారు. ఈనాటి మందులతో అది చాలామందికి క్షేమమే. కాని అందరి సంగతీ ఒకటి కాదు. మన కరీంనగర్ పల్లెలో కల్లు గీసే గౌడన్న ఒకాయన ఉన్నాడనుకోండి. మోకు జారి తాటిచెట్టు మీదినుంచి పడ్డాడు. ముంజేయి రెండు ముక్కలయింది. అన్నం తిని గంట కూడా కాలేదు. కడుపు నిండుగా ఉన్న మనిషిని పూర్తిగా నిద్రపుచ్చితే, తిన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదమున్నది. మంచిర్యాల, బెల్లంపల్లి, గోదావరిఖని బొగ్గుగనుల్లో ఎన్నో ఏళ్ళు పనిచేసిన కార్మికుడి సంగతి చూడండి. బొగ్గుదుమ్ముకు ఊపిరితిత్తులు పాడైతే, ఆయనకు గాఢమైన మత్తు అంత మంచిది కాదు. ఇలాంటివారికి ఒక్క చేతినే నిద్రపుచ్చగలిగితే ఎంత మేలు!

మనిషినంతా నిద్రపుచ్చడంలోని ప్రమాదం మన ప్రాంతానికి పాత సంగతే. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలు నిజాం రాజ్యంలో ఉన్న రోజుల్లో ఆపరేషనుకు క్లోరోఫాం అనే తియ్యని వాసన గల మందును పీల్పించేవారు. దానితో నొప్పి తెలిసేది కాదు. కాని అప్పుడప్పుడు రోగి బల్ల మీదనే చనిపోయేవాడు. ముందు ఆగేది ఊపిరా, గుండెనా? దీని మీద ప్రపంచమంతటా డాక్టర్లు వాదులాడుకున్నారు. హైదరాబాదులోని అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరుండేవాడు. ఆయన పట్టుదల మీద, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో, 1888లో ఒకసారి, 1889లో మరొకసారి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. రెండవసారి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరు వచ్చాడు. జంతువుల మీద ఎన్నో పరీక్షలు చేశారు. "ముందు ఆగేది ఊపిరే. ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలు" అని తేల్చారు.

అది సగం నిజమే. క్లోరోఫాం గుండెను కూడా హఠాత్తుగా ఆపగలదని 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు రుజువు చేశాడు. తరువాత క్లోరోఫాం వాడకమే పోయింది. అయినా ఊపిరిని కనిపెట్టి ఉండాలన్న పాఠం ఈనాటికీ మత్తు వైద్యులకు మొదటి పాఠమే. ఆ కాలంలోనే హైదరాబాద్ వైద్య పాఠశాలలో చదివి, ఆస్పత్రిలో రోగులకు క్లోరోఫాం ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు. ఆడపిల్లలు బడికి పోవడమే అరుదైన రోజుల్లో ఒక స్త్రీ ఈ పని చేసిందంటే గొప్ప సంగతి కాదూ?

సరిగ్గా ఆ రోజుల్లోనే అటు యూరపులో మరో దారి తెరుచుకున్నది. 1884లో వియన్నా నగరంలో కార్ల్ కొల్లర్ అనే యువ డాక్టరు కొకెయిన్ చుక్కలు వేస్తే కన్ను మొద్దుబారుతుందని కనిపెట్టాడు. కొద్దికాలానికే న్యూయార్కులో హాల్‌స్టెడ్ అనే డాక్టరు ఆ మందును నరాల పక్కన వేసి చూశాడు. కాని కొకెయిన్ మనిషిని బానిస చేసుకొనే మందు. పాపం, హాల్‌స్టెడే దానికి బానిసయ్యాడు. తరువాత 1905లో ప్రొకెయిన్ వచ్చింది. 1943లో స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్ లిగ్నొకెయిన్ తయారు చేశాడు. ఇవి మత్తుకు బానిస చేయవు. పన్ను పీకించుకొనేటప్పుడు మీ చిగుళ్ళకు వేసేది చాలాసార్లు ఈ లిగ్నొకెయినే.

మందు దొరికింది. ఇక మిగిలిన చిక్కు ఒకటే. నరం ఎక్కడున్నది? 1911లో కులెన్‌కాంఫ్ అనే జర్మన్ డాక్టరు మెడ ఎముక పైన సూది దించి చేతిని మొద్దుబార్చే పద్ధతి చెప్పాడు. ముందు దాన్ని తన మీదనే పరీక్షించి చూసుకున్నాడు! కాని ఆ చోటు చాలా ఇరుకు. నరాల గుత్తిని ఆనుకొనే చేతికి పోయే పెద్ద రక్తనాళం ఉన్నది. దాని కింద మొదటి పక్కటెముక. ఆ పక్కనే ఊపిరితిత్తి కొన. వీటి మధ్య దూరం వేలెడు కూడా ఉండదు. సూది కాస్త దారి తప్పితే ఊపిరితిత్తికి చిల్లి పడి, గాలి బయటికి చేరి, ఊపిరితిత్తి ముడుచుకుపోవచ్చు. రక్తనాళంలోకి మందు పోతే మూర్ఛ రావచ్చు, గుండె ఆగవచ్చు.

అందుకని డాక్టరు ఎముకను తడిమి, రక్తనాళం కొట్టుకోవడాన్ని వేలితో చూసి, చదువుకున్న శరీరశాస్త్రాన్ని మనసులో తలచుకొని, మెల్లగా సూది దించేవాడు. సూది నరానికి తగిలితే రోగికి చేయి ఝుమ్మనేది. "వచ్చింది డాక్టరుగారూ!" అనేవాడు. అదే గుర్తు. తరువాత 1960ల నుంచి సూదిలోనుంచి కొద్దిపాటి కరెంటు పంపడం నేర్చారు. నరం దగ్గరైతే చేతి వేళ్ళు వాటంతటవే ఎగిరిపడేవి. ఇది కొంత మేలు. అయినా చీకటి గదిలో తాళపుచెవి వెతికినట్టే గదా! చేయి తిరిగిన డాక్టర్లు ఈ విధంగానే లక్షలాది మందికి నొప్పి లేకుండా చేశారు. కాని చూడగలిగితే ఆ సంగతే వేరు.

చీకట్లో చూడటం గబ్బిలాలకు బాగా తెలుసు. మర్రిచెట్లకు తలకిందులుగా వేలాడే పెద్ద గబ్బిలాలు కళ్ళతోనే దారి చూసుకుంటాయి. వాటి సంగతి కాదు. పాడుపడ్డ కోటల చీకటి గదుల్లో పురుగుల్ని వేటాడే చిన్న గబ్బిలాలున్నాయే, వాటి సంగతి. 1790లలో ఇటలీలో స్పల్లంజాని అనే పండితుడు వాటి కళ్ళు పోయినా అవి దారి తప్పవని గమనించాడు. జూరిన్ అనే మరొకాయన వాటి చెవులు మూస్తే గోడలకు కొట్టుకుంటాయని చూశాడు. కాని వాటి అరుపు ఎవరికీ వినపడదే! 1938లో అమెరికాలో గ్రిఫిన్ అనే విద్యార్థి ఒక ప్రత్యేక యంత్రంతో ఆ అరుపును పట్టుకున్నాడు. గబ్బిలం అరుస్తుంది. ఆ ధ్వని పురుగుకు తగిలి తిరిగివస్తుంది. ఎంతసేపట్లో తిరిగివచ్చిందో చూసి, పురుగు ఎంత దూరంలో ఉన్నదో గబ్బిలం తెలుసుకుంటుంది. బావిలోకి వంగి "ఓ" అంటే బావి తిరిగి "ఓ" అంటుంది గదా, అలాగన్నమాట.

మన చెవి సెకండుకు 20 నుంచి 20,000 కంపనాల దాకా వినగలదు. అంతకు మించిన దాన్ని అతిధ్వని అంటారు. నరాలను చూపే యంత్రం సెకండుకు సాధారణంగా 60 లక్షల నుంచి ఒకటిన్నర కోటి కంపనాలు పుట్టిస్తుంది! 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికాలను నొక్కితే కరెంటు పుడుతుందని కనిపెట్టారు. అటువంటి స్ఫటికానికే కరెంటు ఇస్తే అది కంపిస్తుంది. కాబట్టి ఒకే పలక నోరూ అవుతుంది, చెవీ అవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో నీటి అడుగున దాగిన ఓడలను పట్టుకోవడానికి దీన్ని వాడిచూశారు. 1958లో గ్లాస్గో నగరంలో ఇయాన్ డొనాల్డ్ అనే డాక్టరు ఇదే ధ్వనితో కడుపులోని వాటిని చూపే బొమ్మలు ప్రకటించాడు. 1978లో కొందరు డాక్టర్లు అతిధ్వనితో మెడ దగ్గరి రక్తనాళం జాడ తెలుసుకొని దాని పక్కన మందు వేశారు. 1994లో కప్రాల్, ఆయన మిత్రులు మెడ ఎముక పైన నరాలనూ సూదినీ తెర మీద చూస్తూ మందు వేసిన సంగతి ప్రకటించారు. ఎక్కడో తెలుసా? మళ్ళీ ఆ వియన్నాలోనే!

ఇప్పుడు మన గౌడన్న దగ్గరికి పోదాం. ఆయన మెడ పక్కన శుభ్రం చేసి, డాక్టరమ్మ చల్లని జిగురు రాసింది. సబ్బుబిళ్ళంత పరికరాన్ని దాని మీద ఆనించింది. తెర మీద నలుపు తెలుపుల బొమ్మ కదిలింది. ధ్వని మన శరీరంలో సెకండుకు సుమారు 1,540 మీటర్లు పోతుంది. సెంటీమీటరు లోతు పోయి తిరిగి రావడానికి, సెకండును పది లక్షల భాగాలు చేస్తే అందులో 13 భాగాలు పడుతుంది. యంత్రం ఈ లెక్కంతా కట్టి, ఏ లోతునుంచి ఎంత ధ్వని వచ్చిందో అక్కడ అంత తెల్లని చుక్క పెడుతుంది.

రక్తంనుంచి ధ్వని దాదాపు తిరిగి రాదు. కనుక రక్తనాళం నల్లని గుండ్రని మచ్చలా, గుండెతో పాటు టక్‌టక్‌మని కొట్టుకుంటూ కనిపిస్తుంది. ఎముక ధ్వనినంతా తిప్పికొడుతుంది. కనుక తెల్లని గీత, దాని వెనుక నల్లని నీడ. ఊపిరితిత్తి అంచు శ్వాసతో పాటు మెరుస్తూ అటూ ఇటూ జారుతుంది. మరి నరాలు? అదిగో, రక్తనాళం పక్కన ద్రాక్షగుత్తిలా!

డాక్టరమ్మ ఎడమ చేత్తో పరికరం పట్టుకొని, కుడి చేత్తో సూది దించింది. ఇక్కడే నేర్పంతా ఉన్నది. ధ్వని పలుచని రేకులా పోతుంది. సూది ఆ రేకులోనే ఉంటే పొడుగునా తెల్లగా కనిపిస్తుంది. కాస్త పక్కకు తప్పితే మాయమవుతుంది. కొన కనపడకపోతే సూదిని ముందుకు తోయకూడదు. ఇది ఈ విద్యలో గట్టి నియమం. ఆమె గుత్తి పక్కన ఆగింది. రక్తనాళంలో లేదని వెనక్కు లాగి చూసుకున్నది. కొద్దిగా మందు వేసింది. చెరువు నీరు దిబ్బ చుట్టూ చేరినట్టు మందు నల్లగా నరాల చుట్టూ కమ్ముకున్నది. సరైన చోటే! కొంచెం కొంచెంగా మిగిలిన మందు వేసింది. పూర్వం 30, 40 మిల్లీలీటర్లు వేసేవారు. ఎక్కడ పడుతున్నదో కనిపిస్తుంది కనుక, ఇప్పుడు చాలాసార్లు అంతకన్నా తక్కువే చాలు.

ఇరవై నిమిషాలు గడిచాయి.

"గౌడన్నా, చెయ్యి జర లేపు."

"లేస్తలేదమ్మా! ఇది నా చెయ్యేనా?"

ఎముకల డాక్టరు విరిగిన ఎముకలు సరిచేసి పలక బిగిస్తుంటే, గౌడన్న తెర ఇవతల మెలకువగా పడుకొని, తన ఊపిరి తానే తీసుకుంటూ ఉంటాడు. ఆపరేషను అయ్యాక కూడా కొన్ని గంటలు నొప్పి ఉండదు. కాని ఆ గంటల్లో ఒక జాగ్రత్త కావాలి. మొద్దుబారిన చేతికి వేడి తెలియదు, దెబ్బ తెలియదు. కనుక దాన్ని మెడకు కట్టిన పట్టీలో, పసిబిడ్డను చూసినట్టు చూసుకోవాలి.

గనికార్మికుడికి మాత్రం ఇదే చోట సూది వేయడం అన్నివేళలా తగదు. మెడ పక్కన వేసిన మందు ఊపిరి తీయించే నరానికి కూడా సోకవచ్చు. మంచి ఊపిరితిత్తులున్నవాడికి అది తెలియను కూడా తెలియదు. బలహీనుడికి ఆయాసం వస్తుంది. అందుకని అలాంటివారికి ఇంకా కిందుగా, చంక దగ్గర నరాలను వెతికి మందు వేస్తారు. మీ వంటి చిన్నపిల్లలకైతే తరచుగా ముందు నిద్రపుచ్చి, తరువాత నరానికి మందు వేస్తారు. పిల్లలు కదలకుండా ఉండలేరు గదా! మేలుకున్నాక వాళ్ళకు నొప్పి ఉండదు.

ఇంత మంచి యంత్రం ఉంటే ఇక భయమే లేదని అనుకోకండి. ప్రమాదం తగ్గింది, పోలేదు. అందుకే రోగి పక్కన ఊపిరి, గుండె, రక్తపుపోటు చూపే పరికరాలు ఉండాలి. మందు పొరపాటున రక్తంలో ఎక్కువగా చేరితే ఎక్కించడానికి పాలలా తెల్లగా ఉండే కొవ్వు మందు సిద్ధంగా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, తెర మీది మచ్చల్లో ఏది నరమో, ఏది కాదో తెలిసిన మనిషి ఉండాలి. యంత్రం మచ్చలను చూపుతుంది. వాటి పేర్లు చెప్పేది చదువే.

ఆ చదువు ఇప్పుడు మన దగ్గరికే వచ్చింది. ఆదిలాబాదునుంచి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. ఒకప్పుడు పెద్ద ఆపరేషను అంటే ఆ దూరమంతా పోవలసిందే. 2008లో ఆదిలాబాదులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలయింది. 2022లో మంచిర్యాల, రామగుండం, జగిత్యాలల్లో, 2023లో కరీంనగర్, నిర్మల్, సిరిసిల్ల, ఆసిఫాబాదుల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరిచారు. ఇది చదువుతున్న మీలో ఒకరు రేపు అక్కడ చేరి, మత్తు వైద్యం నేర్చి, ఏ గౌడన్న మెడ పక్కనో ద్రాక్షగుత్తిని వెతకవచ్చు.

మీరే చేసి చూడండి: డాక్టరమ్మ జిగురు ఎందుకు రాసిందో తెలుసుకోవాలంటే, ఒక చెక్కబల్లకు చెవి గట్టిగా ఆనించండి. బల్ల రెండవ చివర స్నేహితుణ్ణి గోటితో మెల్లగా గీకమనండి. ఎంత బాగా వినపడుతుందో! ఇప్పుడు చెవిని అంగుళం పైకెత్తండి. శబ్దం సన్నగిల్లిపోయింది. చెవికీ చెక్కకూ మధ్య గాలి అడ్డం వచ్చింది. అతిధ్వనికి గాలి ఇంకా పెద్ద గోడ. చర్మానికీ పరికరానికీ మధ్య గాలి లేకుండా చేయడానికే ఆ జిగురు.

ఒక చిన్న లెక్క: పరికరంనుంచి పోయిన ధ్వని నరానికి తగిలి, సెకండులో పది లక్షల వంతులు 39 గడిచేసరికి తిరిగి వచ్చింది. నరం ఎంత లోతున ఉన్నది? జవాబు పైన చెప్పిన దానిలోనే ఉన్నది. కాగితం మీద కట్టి చూసి, మీ మాస్టారికి చూపించండి.